స్కాట్లాండ్ ఫుట్‌బాల్ కీపర్ క్రెయిగ్ గోర్డన్ 42 ఏళ్లకి కూడా గోల్‌లో ఎలా నిలబడ్డాడు? మోకాలు, విరిగిన కాలు, మధ్యలో రెండేళ్ల ఖాళీ

మిడ్‌నైట్_కికాఫ్ (ప్రశ్న):
2025 నవంబరు 18న హాంప్డెన్ పార్క్‌లో స్కాట్లాండ్ 4-2తో డెన్మార్క్‌ని ఓడించి, 1998 తర్వాత మళ్లీ ఇప్పుడు ప్రపంచకప్‌కి అర్హత సాధించింది. మనకి రాత్రి 1:15కి మొదలైన మ్యాచ్. ఎక్కడ చూసినా మెక్‌టొమినే బైసికిల్ కిక్ (గాల్లో వెనక్కి వాలి కొట్టింది), చివర్లో మెక్‌లీన్ మధ్యగీత దగ్గర్నుంచి లేపిన గోల్, ఇవే క్లిప్పులు. గోల్‌లో ఉన్న క్రెయిగ్ గోర్డన్ గురించి ఒక్క ముక్క లేదు. అప్పటికి ఆయన వయసు 42. ఆ సీజన్లో అప్పటికి సొంత క్లబ్ హార్ట్స్ తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2012 నుంచి 2014 దాకా అసలు క్లబ్బే లేదు. 2022లో కాలు విరిగింది.

నా సందేహాలు మూడు. ఆ రెండేళ్లూ ఏం జరిగింది, విశ్రాంతి వల్లే మోకాలు బాగైందా? విరిగిన కాలుతో 40 దాటాక మళ్లీ డైవ్ కొట్టడం ఎలా కుదిరింది? మన దగ్గర 35 దాటిన లోకల్ కీపర్లకి ఇందులో పనికొచ్చేది ఏమైనా ఉందా?

టైన్‌కాజిల్_గేటు:
ముందు వరస సరిచూసుకుందాం, లేకపోతే గాయాలన్నీ కలగాపులగం అవుతాయి.

పుట్టింది 1982 డిసెంబరు 31, ఎడిన్‌బరా. కౌడెన్‌బీత్ క్లబ్‌కి లోన్ మీద (తాత్కాలికంగా) వెళ్లొచ్చి 2002లో హార్ట్స్ మొదటి జట్టులోకి వచ్చాడు. 2004లో ట్రినిడాడ్ అండ్ టొబాగో మీద స్కాట్లాండ్ తరఫున తొలి మ్యాచ్. 2006లో గ్రెట్నాని పెనాల్టీల్లో ఓడించి హార్ట్స్ స్కాటిష్ కప్ గెలిచింది. ఫుట్‌బాల్ రైటర్లు ఆ ఏడాది అతన్నే ఉత్తమ ఆటగాడిగా ఎన్నుకున్నారు. అదే అవార్డు మళ్లీ 2022లో వచ్చింది. పదహారేళ్ల తేడా! నన్నడిగితే ఈ కెరీర్‌కి కొలబద్ద కప్పులు కాదు, ఈ పదహారేళ్లే.

2007లో ఇంగ్లండ్ క్లబ్ సండర్లాండ్ అతన్ని 90 లక్షల పౌండ్లకి కొంది. ఒక కీపర్ మీద బ్రిటిష్ క్లబ్ పెట్టిన డబ్బుల్లో అప్పటికి అదే రికార్డు. గాయాలూ అక్కడే పట్టుకున్నాయి. 2009 నవంబరులో టోటెన్‌హామ్ మైదానంలో వాళ్ల ఆటగాడు డెఫోతో గుద్దుకుని చెయ్యి విరిగింది. 2010 వేసవిలో మళ్లీ చెయ్యే. ఈలోగా ఇంకో కీపర్ మిన్యొలే వచ్చి ఆ చోట్లో కూర్చున్నాడు. అయినా 2010 డిసెంబరులో బోల్టన్ ఆటగాడు జాట్ నైట్ దగ్గర్నుంచి కొట్టిన షాట్‌ని ఆపాడే, దాన్నే ప్రీమియర్ లీగ్ మొదటి 20 సీజన్లలో అత్యుత్తమ సేవ్‌గా 2012లో ఎంపిక చేశారు. విచిత్రం చూడండి, అదే ఏడాది క్లబ్ వదిలేసింది, మోకాలు నిలవక.

తర్వాత రెండేళ్లు టీవీ విశ్లేషణ, డంబార్టన్ క్లబ్‌లో కోచింగ్ పని. 2014 జూలైలో స్కాట్లాండ్ క్లబ్ సెల్టిక్ తీసుకుంది. 2016లో కొత్త మేనేజర్ రాడ్జర్స్ కాళ్లతో ఆడే కీపర్ కావాలని డోరస్ డి వ్రీస్ అనే కీపర్‌ని తెచ్చాడు. గోర్డన్ బెంచీ ఎక్కాడు, కొన్ని వారాలకే తిరిగొచ్చాడు. ఆ సీజన్ సెల్టిక్ దేశవాళీ పోటీల్లో ఒక్కటీ ఓడలేదు. 38 లీగ్ మ్యాచ్‌ల్లో 34 గెలుపులు, 4 డ్రాలు. 2020లో రెండో డివిజన్‌కి పడిపోయిన హార్ట్స్‌కి తిరిగి వెళ్లాడు.

2022 డిసెంబరు 24, టానడైస్ మైదానం, డండీ యునైటెడ్‌తో మ్యాచ్. వాళ్ల ఆటగాడు స్టీవెన్ ఫ్లెచర్‌తో ఢీకొని కాలు విరిగింది. "డబుల్ లెగ్ బ్రేక్" అంటే రెండు కాళ్లూ విరగడం కాదు, ఒకే కాలిలో మోకాలి కింది రెండు ఎముకలూ విరగడం. మళ్లీ మైదానంలోకి దిగింది 2024 జనవరిలో, కప్ మ్యాచ్‌లో, 41 ఏళ్లప్పుడు. ఆ జూన్‌లో ఫిన్లాండ్ మీద ఆడి స్కాట్లాండ్ పురుషుల జట్టులో అత్యంత పెద్ద వయసు ఆటగాడయ్యాడు. ఆ రికార్డు అంతకుముందు డేవిడ్ వియర్‌ది. అంతా అయ్యాక యూరో 2024 తుది జట్టులో మాత్రం పేరు లేదు.

లోడ్_ముఖ్యం_బాస్:
మొదటి ప్రశ్నకి నా జవాబు. "రెండేళ్లు రెస్ట్ ఇచ్చాడు, మోకాలు సెట్ అయింది" అని చాలామంది అంటుంటారు. అది తప్పు.

గోర్డన్‌ని ఇబ్బంది పెట్టింది మోకాటి చిప్ప కింద, చిప్పని మోకాలి కింది ముందు ఎముకకి కట్టి ఉంచే టెండన్ (తాడులాంటి కణజాలం). మన వాళ్లు మోకాలి నొప్పి అనగానే "గుజ్జు అరిగింది" అనేస్తారు. ఇది గుజ్జు కాదు. గుర్తుపట్టడం తేలిక. ముందుకి వాలుగా ఉన్న పలక మీద ఒంటికాలితో నిలబడి మెల్లగా కిందికి దిగండి. చిప్ప కింది అంచులో ఒక వేలు పెట్టి చూపించగలిగేంత చోట నొప్పి వస్తే అనుమానం దీనిమీదే. మోకాలంతా నొప్పి, వాపు, లాక్ అవడం ఉంటే ఇది వేరే కథ, డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే.

టెండన్‌కి విశ్రాంతి ఇస్తే నొప్పి తగ్గుతుంది, బలం కూడా తగ్గుతుంది. అసలు మోసం అక్కడే. రెండు వారాలు ఆగి, నొప్పి లేదు కదా అని ఒకేసారి నలభై డైవులు కొడతారు, మూడోరోజు కుంటుతారు. దానికి కావాల్సింది బరువు, అదీ నెమ్మదిగా. అందరూ వాడే పద్ధతి 12 వారాలది. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక రోజు గ్యాప్. స్క్వాట్ (గుంజీ), లెగ్ ప్రెస్ (కాళ్లతో బరువు నెట్టే మెషీన్), హ్యాక్ స్క్వాట్ (మెషీన్‌కి వీపు ఆనించి చేసే గుంజీ), ఒక్కోటి నాలుగు సెట్లు. దిగడానికి 3 సెకన్లు, లేవడానికి 3 సెకన్లు. మొదటి వారం 15 సార్లు మాత్రమే ఎత్తగలిగే బరువు. అక్కణ్నుంచి బరువు పెంచుకుంటూ సంఖ్య తగ్గించాలి: 12, 10, 8, చివరి నాలుగు వారాలు 6. నొప్పి పదికి మూడు, నాలుగు దాటకూడదు, మర్నాడు పొద్దుటికి మామూలు స్థితికి రావాలి. రాకపోతే ఆ బరువు ఎక్కువైందన్నమాట.

ఎక్కడ బెడిసికొడుతుందంటే ఆరో వారంలో. నొప్పి పోగానే మానేస్తారు. ఇంకొందరు స్టెరాయిడ్ ఇంజెక్షన్‌కి పరిగెత్తుతారు. కొన్ని వారాలు హాయిగా ఉంటుంది, లోపల టెండన్ మాత్రం ఇంకా బలహీనపడుతుంది. దూకే కీపర్‌కి అది మంచిది కాదు.

కాలి విరుపు సంగతి. ఇలాంటి విరుపుకి మామూలుగా పెద్ద ఎముక లోపలి నుంచి రాడ్డు వేస్తారు. ఎముక అతకడానికి నాలుగైదు నెలలు పడుతుంది. గోర్డన్‌కి 13 నెలలు పట్టిందంటే మిగతాది చాలావరకు కండ కోసమే అయ్యుంటుంది. కట్టులో ఉన్నన్నాళ్లూ పిక్క కరిగిపోతుంది, చీలమండ బిగుసుకుంటుంది. కీపర్ పక్కకి ఎగిరేది బంతి వైపున్న కాలితో, ఆ తోపు పిక్క, చీలమండల నుంచే వస్తుంది. విరిగిన కాలి మీద వరసగా 25 సార్లు మడమ పూర్తిగా లేపలేకపోతే డైవ్ గురించి ఆలోచించకపోవడం మేలు. ఇంకోటి, రాడ్డుని చాలాసార్లు మోకాలి ముందు వైపు నుంచే దించుతారు, కాబట్టి మోకరిల్లితే నొప్పి నెలల తరబడి ఉండొచ్చు. పాత టెండన్ సమస్య తిరగబెట్టిందని కంగారు పడక్కర్లేదు.

సెట్_పొజిషన్:
పై ఇద్దరూ శరీరం గురించి చెప్పారు. నా దృష్టిలో సగం సమాధానం ఆటలో ఉంది.

కీపర్ కాని ఆటగాడు మ్యాచ్‌కి 10-12 కిలోమీటర్లు తిరుగుతాడు. కీపర్ దాంట్లో సగం, అదీ చాలావరకు నడకే. వయసుతో ముందు పోయేది పదేపదే పరిగెత్తే శక్తి. కీపర్‌కి దాంతో పని తక్కువ. 1998 ప్రపంచకప్‌లో బ్రెజిల్ మీద ఆడినప్పుడు స్కాట్లాండ్ కీపర్ జిమ్ లేటన్‌కి 39 దాటాయి. ఈజిప్ట్ కీపర్ ఎసామ్ అల్ హదారీ 2018లో 45 ఏళ్లకి ప్రపంచకప్ ఆడాడు. ఇదంతా ఆ స్థానం ఇచ్చే వెసులుబాటు.

వయసైన కీపర్ గమనించాల్సింది షాట్ కొట్టే క్షణంలో కాళ్లు. పాదాలు భుజాల వెడల్పులో, బరువు మునివేళ్ల మీద, శరీరం కదలకుండా. కుర్ర కీపర్ కదులుతూ ఉండి కూడా రిఫ్లెక్స్‌తో కాపాడుకుంటాడు. 40లో అలా కదులుతూ కోల్పోయిన అర అడుగుని తిరిగి అందుకోవడం కుదరదు. అందుకే ముందే చోటు చూసుకుని నిలబడాలి. ఆరడుగుల నాలుగంగుళాల గోర్డన్ సరైన చోట నిలబడితే సగం గోల్ అప్పటికే మూసుకుపోతుంది. డెన్మార్క్ మ్యాచ్‌కి ముందు గ్రీస్‌తో పైరేయస్‌లో 3-2తో ఓడిన మ్యాచ్ రీప్లే పెట్టుకుని, బంతిని వదిలేసి ఆయన పాదాల్నే చూడండి.

పడేటప్పుడు వరస ముఖ్యం. బంతి, ముంజేయి, భుజం, తొడ పక్కభాగం. మోకాలో మోచెయ్యో ముందు తగిలిందంటే ఆలస్యంగా కదిలినట్టే. మన మట్టి గ్రౌండ్లలో మోచేతులు పగిలేది ఇందుకే, నేల గట్టిగా ఉండడం వల్లనే కాదు.

మిడ్‌నైట్_కికాఫ్:
థాంక్స్ అండి అందరికీ. @లోడ్_ముఖ్యం_బాస్ గారూ, జిమ్ లేకపోతే?

లోడ్_ముఖ్యం_బాస్:
గోడకి వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు దిగండి. మోకాళ్లు 60 డిగ్రీల దగ్గర వంచి 45 సెకన్లు, ఐదుసార్లు, మధ్యలో రెండేసి నిమిషాలు. తేలికైపోతే ఒంటికాలితో. ఆట ముందు చేస్తే చాలామందికి ఆ కాసేపు నొప్పి తగ్గుతుంది. కానీ ఇది 12 వారాల పద్ధతికి బదులు కాదు. భుజాన బియ్యం బస్తా వేసుకుని స్క్వాట్ చేసినా పని జరుగుతుంది, సెకన్లు లెక్కపెడితే చాలు. బ్యాగులో రాళ్లు వేసుకున్నా అంతే, రెండు వైపులా సమానంగా ఉండాలి. డైవ్‌లు వారానికి రెండు రోజులు మించొద్దు, ప్రతి రోజూ ఎన్ని కొట్టారో రాసుకోండి, ఒక్క వారంలో రెట్టింపు చేయొద్దు.