రెడీమేడ్ రీఫ్ ట్యాంక్: 52 లీటర్లదా, 75 లీటర్లదా? దయచేసి ఒకటి చెప్పండి

చేపలపిచ్చి · రాత్రి 10:48

అందరికీ నమస్కారం. ఆఫీసు నుంచి వచ్చినప్పటి నుంచి ఇదే పని, ఇంకా ఏమీ తేలలేదు. హాల్లో పెట్టుకోవడానికి రెడీమేడ్ రీఫ్ ట్యాంక్ (ఉప్పునీళ్ళలో కోరల్స్, చేపలు పెంచేది) కావాలి. గాజు కోయించి, కింద ఫిల్టర్ తొట్టి (సంప్) కట్టించి, పైపులు వేయించుకునే ఓపిక నాకు లేదు. వడపోసి వడపోసి రెండు మిగిల్చాను: ఫ్లూవల్ ఈవో 52 లీటర్లది, రెడ్ సీ మ్యాక్స్ నానో 75 లీటర్లది. ఒక వీడియోలో ఇదే మంచిదంటారు, ఇంకో వీడియోలో ఇదే దండగంటారు. షాపులో అడిగితే "ఏదైనా ఒకటే సార్, సోమవారం నీళ్ళు పోస్తే శుక్రవారం చేపలు వేసుకోవచ్చు" అన్నాడు. రెండింటిలో ఒక పేరు చెప్పండి, రేపు డబ్బు కట్టేస్తాను. మంచినీటి చేపలు ఆరేళ్ళుగా పెంచుతున్నాను కాబట్టి మొదటి పాఠాలు అక్కర్లేదు.

ఒక్కముక్క · 10:55

ఏ ఊరు? హాల్లో ఏసీ ఉందా?

సున్నా_టీడీఎస్ · 11:10

ట్యాంక్ సంగతి తర్వాత, ముందు ఏ నీళ్ళు పోస్తారో చెప్పండి. ఇంట్లో తాగే ఆర్వో నీళ్ళు పోసేద్దాం అనుకుంటున్నారా? చాలా ప్యూరిఫయర్లలో రుచి కోసం ఖనిజాలు మళ్ళీ కలుపుతారు. అవి తాగడానికి బాగుంటాయి, రీఫ్‌కి పనికిరావు. ఆర్వో తర్వాత మిగిలిన లవణాలను లాగేసే డీఐ రెజిన్ కూడా దాటి, టీడీఎస్ మీటర్ (నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచేది) సున్నా చూపించాలి. ఆ నీళ్ళలో లీటరుకు సుమారు 35 గ్రాముల లెక్కన రీఫ్ ఉప్పు కలిపి, ఒక రాత్రంతా పంపుతో తిప్పి, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 1.025 చూసుకోవాలి. ఇది కుదరకపోతే ఎంత ఖరీదైన డబ్బా కొన్నా మూడో నెలకి ట్యాంక్ రాళ్ళ మీద పచ్చటి జుట్టులా నాచు మొలుస్తుంది. మీ ఇంటి నీళ్ళ టీడీఎస్ ఎంత?

భీమిలి_అలలు · 11:21

ఒక సవరణ. వీటిని రెడీమేడ్ అనకండి, కొత్తవాళ్ళు మోసపోతున్నారు. సరైన మాట ఆల్ ఇన్ వన్. వెనక గదిలో ఫిల్టర్, పంపు, పైన లైటు ఇస్తారు, అంతే. ఈవోలో స్కిమ్మర్ (నీళ్ళలోని మలినాలను నురగగా తీసేది) రాదు, మ్యాక్స్ నానోలో వస్తుంది. నీళ్ళు చల్లబరిచే చిల్లర్ రెండింటిలోనూ ఉండదు. నీళ్ళు పోసిన రోజున అది ఉప్పునీళ్ళ డబ్బా మాత్రమే. చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషం అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్ళకు పట్టడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. శుక్రవారం చేపలు అన్న మాట వింటేనే బాధగా ఉంది. అలా వేస్తే చచ్చేది చేపలే కదా.

ఇంకో మాట. మన తీరం నుంచి తెచ్చిన కోరల్ అని ఎవరైనా అమ్మితే ముట్టుకోకండి. రీఫ్ కట్టే గట్టి కోరల్స్‌ని 2001లోనే వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. సముద్ర గుర్రాలు కూడా అంతే.

తెలుగుమాట · 11:34

కోరల్ కోరల్ అంటారేం, పగడం అనే చక్కని మాట ఉందిగా? పగడపు తొట్టి అనొచ్చు.

భీమిలి_అలలు · 11:40

పగడపు దీవులు అంటాం, ఒప్పుకుంటాను. కానీ షాపుకి వెళ్ళి పగడం ఉందా అంటే కుజదోషానికి ఉంగరం చేయించుకునే ఎర్రది అనుకుంటారు. అది వేరే జాతి, సముద్రంలో లోతున ఉంటుంది. మనం ఇంట్లో పెంచే లెదర్‌లు, జోవాలు అనే రకాలు మెత్తగా ఉంటాయి. అసలు జోవాలు అచ్చమైన కోరల్స్ కూడా కావు.

తెలుగుమాట · 11:44

అయినా మాట మనదే కదండీ. జనం వాడితే అదే నిలబడుతుంది.

ఒక్కముక్క · 11:46

ఊరు చెప్పలేదు.

చేపలపిచ్చి · 11:58

క్షమించండి, భోజనానికి లేచాను. విజయవాడ. నాలుగో అంతస్తు. ఏసీ బెడ్‌రూంలోనే ఉంది. ట్యాంక్ పెట్టే చోటు పడమటి బాల్కనీ తలుపు పక్కన, ఎండ బాగా వస్తుంది కాబట్టి కోరల్స్‌కి మంచిదే అనుకున్నాను. ఆఫీసు పని మీద నెలలో వారం పది రోజులు ఊళ్ళో ఉండను. చేపలు ఎక్కువ వద్దు. మా పాప అడిగిన ఆ నీలం చేప, పసుపు తోకది, ఒక్కటి చాలు.

ఒక్కముక్క · 12:01

అది బ్లూ టాంగ్. ఒక అడుగు పెరుగుతుంది. ఈ రెండింటిలోనూ వద్దు.

కాలువగట్టు · 12:19

నేనూ విజయవాడే, 90 లీటర్ల ట్యాంక్ ఉంది, అందుకే చెబుతున్నాను. మీ ప్రశ్నకు జవాబు ఆ పడమటి తలుపు దగ్గరే ఉంది. రీఫ్ నీళ్ళు 25, 26 డిగ్రీల్లో ఉండాలి. మొదటి మే నెలలో మా హాల్లో నీళ్ళు 31 దాటాయి. లెదర్ ముడుచుకుని పిడికిలంత అయిపోయింది, జోవాలు తెల్లబడ్డాయి. కోరల్ ఒంట్లో దానికి తిండి పెట్టే సూక్ష్మమైన ఆల్గే ఉంటుంది, వేడికి అది బయటికి పోతుంది. ఫ్యాన్ పెడితే రెండు డిగ్రీలు తగ్గింది గానీ రోజుకి రెండు లీటర్ల నీళ్ళు ఆవిరయ్యాయి. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు లోపలే ఉంటుంది. రెండు రోజులు నీళ్ళు పోయకపోతే ఉప్పదనం ఎక్కిపోతుంది. గాజు అంచు మీద తెల్లటి పొలుసు కట్టి, వేలితో రుద్దితే గరగరలాడేది. మీరు పది రోజులు ఊళ్ళో లేకపోతే ఏమవుతుందో ఊహించండి.

కాబట్టి పేరే చెప్పమంటే 75 లీటర్లది. పైన తెరిచి ఉంటుంది, వేడి పోతుంది. 52 లీటర్లదానికి మూత ఉంది, పైగా నీళ్ళు తక్కువ కాబట్టి ప్రతి మార్పూ త్వరగా తగులుతుంది. కానీ కొనే ముందు చిల్లర్ పైపులు రెండూ వెనక గదిలో పడతాయో లేదో టేపుతో కొలవండి. చిల్లర్‌ని స్టాండులో మూసి పెట్టకండి, అది వేడిగాలి వదులుతుంది. తలుపు పక్కన కాకుండా లోపలి గోడకి పెట్టండి. కోరల్స్‌కి లైటు చాలు, ఎండ అక్కర్లేదు. పాపకి క్లౌన్ చేపల జంట చూపించండి. తమిళనాడులోని మండపం అనే ఊళ్ళో సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్ళు వీటిని గుడ్ల నుంచి పెంచారు. హేచరీలో పుట్టినవే అడగండి, సముద్రంలో పట్టినవాటికన్నా గట్టిగా ఉంటాయి.

తెలుగుమాట · 12:26

హేచరీకి పిల్లల కేంద్రం అంటే బాగుంటుందేమో.

సున్నా_టీడీఎస్ · 12:28

పిల్లల కేంద్రం అంటే అంగన్‌వాడీ అనుకుంటారండీ. చేపలపిచ్చి గారూ, టీడీఎస్ చెప్పలేదు.

చేపలపిచ్చి · 12:41

మీటర్ పెట్టి చూశాను, తాగే నీళ్ళు 64 చూపిస్తోంది. రేపు డబ్బు కట్టడం లేదు. చిల్లర్ రేటు కనుక్కుని, గోడ కొలిచి మళ్ళీ రాస్తాను. నీలం చేప సంగతి పాపకి పొద్దున చెప్పాలి. కాలువగట్టు గారూ, థాంక్సండీ.