వార్డెన్ సంతకం చాలుతుందా? ఖమ్మం అనుభవం, హెచ్‌పీవీ టీకా

కిన్నెరసాని:
సూటిగా అడుగుతున్నాను. ఆశ్రమ పాఠశాలల్లో, సంక్షేమ వసతి గృహాల్లో చదివే ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను తెచ్చే హెచ్‌పీవీ అనే వైరస్‌ను అడ్డుకునే టీకా వేయాలంటే తల్లిదండ్రులే సంతకం పెట్టాలా, వార్డెన్ పెడితే చాలుతుందా? తల్లిదండ్రులను అడగనిదే సూది ముట్టుకోకూడదని నేను గట్టిగా అంటాను. టీకా మంచిదే. మా అమ్మాయికి వేయించాను కూడా.

మా ఖమ్మం జిల్లాలో జరిగింది గుర్తు చేస్తాను. 2009లో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ల ఆడపిల్లలకు, సుమారు 14 వేల మందికి, గార్డసిల్ అనే హెచ్‌పీవీ టీకా వేయించాయి. చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్లలో ఉన్నవారు. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాంటిదే జరిగింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారని తెలిశాక 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపించింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక ఇచ్చింది: మన రాష్ట్రానికి చెందిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 వార్డెన్లు సంతకం చేసినవి, 1,948 వేలిముద్రలు వేసినవి. కన్నవాళ్లకు తెలియకుండా ఇన్ని వేల మంది పిల్లలకు టీకా వేయడం ఏ న్యాయం?

టీకా అక్క:
కిన్నెరసాని గారూ, ఏడుగురు చనిపోయారని చెప్పి అక్కడితో ఆపేస్తే చదివేవాళ్లు టీకా వల్లే అనుకుంటారు. పాముకాటు, నీళ్లలో మునిగిపోవడం, పురుగుమందు, మలేరియా వంటి కారణాలు బయటపడ్డాయి. టీకాకు సంబంధం ఉన్నట్టు కేంద్రం వేసిన విచారణ సంఘానికి కనబడలేదు. ఇది చెప్పకపోతే అన్యాయం.

మన దేశంలో ఏటా లక్షా ఇరవై వేల మందికి పైగా ఆడవాళ్లకు ఈ క్యాన్సర్ వస్తోంది, 80 వేల మంది దాకా చనిపోతున్నారు. నేను ఏఎన్‌ఎంగా పనిచేశాను. ఊళ్లలో తెల్లబట్ట అవుతోందని చెప్పడానికే సిగ్గుపడతారు, రక్తం కనబడినా ముట్లు ఆగే వయసని సరిపెట్టుకుంటారు. ఆసుపత్రికి వచ్చేసరికి రోగం ముదిరిపోయి ఉంటుంది. ఈ క్యాన్సర్లలో నూటికి 70 వరకు తెచ్చేది హెచ్‌పీవీలోని 16, 18 రకాలే, వాటిని ఆపే మందు చేతిలో ఉంది. సంతకం రాలేదని హాస్టల్ పిల్లను పక్కన కూర్చోబెడితే నష్టపోయేది ఎవరు? 2017 ఆగస్టులో బడుల్లో తట్టు, రుబెల్లా టీకా వేశాం. ఇంటింటికీ తిరిగి సంతకాలు తెచ్చామా?

పాత హెడ్‌మాస్టరు:
అమ్మా, పైనుంచి ఉత్తర్వు వస్తే వార్డెన్ గానీ హెడ్‌మాస్టరు గానీ కాదనగలరా? "రేపటికి అన్ని పత్రాలూ నిండాలి" అన్నప్పుడు పెట్టే సంతకాన్ని అంగీకారం అనలేం, అది హాజరు పట్టీ నింపడమే. రుబెల్లా పోలిక కూడా నాకు నచ్చలేదు. అది అప్పటికే దేశదేశాల్లో దశాబ్దాలుగా వేస్తున్న టీకా. ఖమ్మంలో జరిగింది ప్రయోగాత్మక కార్యక్రమం, తరువాత పిల్లలు ఎలా ఉన్నారో గమనించే ఏర్పాటు కూడా సరిగ్గా లేదని స్థాయీ సంఘమే తప్పుపట్టింది.

పల్నాటి రైతు:
అసలు టీకా ఎందుకండీ? ఆ డబ్బు పెట్టి పెద్దవాళ్లకు ఈ క్యాన్సర్ పరీక్షలు చేయవచ్చు కదా. తొమ్మిదేళ్ల పిల్లలకు ఈ సూది ఏమిటి?

టీకా అక్క:
రైతు గారూ, వైరస్ సోకకముందే వేస్తేనే ఈ టీకా పనిచేస్తుంది, సోకిన తరువాత దాన్ని తొలగించలేదు. అందుకే 9-14 ఏళ్లు. ఇంగ్లండ్‌లో 12-13 ఏళ్లకే టీకా అందిన తరంలో ఈ క్యాన్సర్ 87 శాతం తగ్గింది. పరీక్షలూ కావాలి, మీరన్నది నిజమే. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30-49 ఏళ్ల ఆడవాళ్లలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు. మీ ఇంట్లో ముప్పై దాటిన ఆడవాళ్లుంటే ఈ నెలలోనే పంపండి.

కిన్నెరసాని:
అక్కా, మరణాలకు టీకా కారణం కాదన్న మాట ఒప్పుకుంటాను. కానీ ఆ పుకారు అంత వేగంగా ఎందుకు పాకింది? అమ్మానాన్నలకు ముందుగా ఏమీ చెప్పలేదు కాబట్టే. సిక్కింలో 2018లో ముందు టీచర్లతో, తల్లిదండ్రులతో మాట్లాడి మొదలుపెట్టారు, 95 శాతం పైగా ఆడపిల్లలకు అందింది.

ఇంకో సంగతి. 2010లో ఆపేసినప్పుడు మన దేశంలోనే హెచ్‌పీవీ టీకాపై జరుగుతున్న వేరే అధ్యయనం కూడా ఆగింది. కొందరు పిల్లలకు ఒక్క డోసే పడింది. వాళ్లను దాదాపు పదేళ్లు గమనిస్తే 16, 18 రకాల నుంచి ఒక్క డోసుతోనే, మూడు డోసులతో సమానంగా, రక్షణ దొరికిందని 2021లో తేలింది. ఒక్క డోసు కూడా చాలని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. వైరస్ సోకాక క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. అలాంటప్పుడు తల్లిదండ్రులను అడగకుండా వెంటనే వేసేయాలన్న తొందర దేనికి? దసరాకు పిల్లలు ఇంటికి వెళతారు. కోయ మాట తెలిసిన ఆశా కార్యకర్త ఆ పది రోజుల్లో ఇంటికి వెళ్లి తల్లికి చెప్పనివ్వండి. సెలవుల తరువాత వేయండి.

టీకా అక్క:
దసరా సంగతి బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ తొందర లేదనకండి. ఎనిమిదో తరగతిలో ఉన్న పిల్ల తొమ్మిదిలో ఉంటుందన్న నమ్మకం లేదు. బడి మానేసి మిరప కోతకు వెళ్లిన పిల్లను తరువాత ఏ ఊళ్లో వెతకను?

పాత హెడ్‌మాస్టరు:
అయితే ఏడో తరగతిలోనే మొదలుపెట్టాలి, తల్లికి మాట్లాడే వ్యవధి ఉంటుంది. సెలవుల్లో దొరకని తల్లికి ఫోను చేసి ఆమె చెప్పినది రాసుకోవాలి. వద్దంటే వద్దు. ఆ పిల్ల పేరు మరుసటి ఏడాది జాబితాలో మళ్లీ రావాలి.

కిన్నెరసాని:
ఫోను మాటకు ఇంకొకరు సాక్షిగా ఉండాలి మాస్టారూ. ఆ సాక్షి వార్డెన్ కాకూడదు.

టీకా అక్క:
తల్లీ తండ్రీ లేని పిల్లల మాటేమిటి? వాళ్ల తరఫున ఎవరు చెప్పాలో ముందు తేల్చండి. మా హాస్టల్‌లోనే అలాంటివాళ్లు ఉండేవారు.