20కీ 50కీ మధ్య: జవాబు అయిదా, ఏడా?

వంశధార గట్టు (గుణుపురం): ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయిని పరీక్షలో, 20కీ 50కీ మధ్య ఉన్న పూర్ణాంకాలలో 5 చేత నిశ్శేషంగా భాగించబడేవి ఎన్ని అని అడిగారు. 25, 30, 35, 40, 45 అని అయిదింటిని వ్రాసింది. జవాబు ఏడు అంటూ మార్కు కొట్టివేశారు. ఏది సరి?

నిలువుగీత (పర్లాకిమిడి): అయిదే. పర్లాకిమిడికీ బరంపురానికీ మధ్య ఎన్ని ఊళ్లున్నాయని అడిగితే ఆ రెండు ఊళ్లనూ ఎవరూ లెక్కలో వేయరు. మధ్య అన్నప్పుడు పెద్దదానిలోంచి చిన్నది తీసివేసి మరొకటి తగ్గించాలి. నుండి, వరకు అన్నప్పుడు ఒకటి కలపాలి. 20 నుండి 50 వరకు మొత్తం పూర్ణాంకాలు 31, మధ్య ఉన్నవి 29.

కోతపడ్డ జీతం (రాయగడ): చివరలను లెక్కలో వదిలేసే వాళ్ల వల్లనే నేను నష్టపోయాను. 5వ తేదీ నుండి 12వ తేదీ వరకు సెలవు కోరితే, మా గుమాస్తా 12లోంచి 5 తీసివేసి ఏడు రోజులే మంజూరు చేసి, ఎనిమిదో రోజు జీతం కోశాడు. కాబట్టి ఏడే సరి.

నిలువుగీత: తమరు వ్రాసినది నుండి, వరకు, ప్రశ్నలో ఉన్నది మధ్య. పైగా 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 9వ సెక్షను ప్రకారం, కేంద్ర చట్టాలలో ‘నుండి’ అని వాడితే మొదటి రోజును మినహాయించి, ‘వరకు’ అని వాడితే చివరి రోజును చేర్చుకొనవచ్చు.

కోతపడ్డ జీతం: అంటే గుమాస్తా చేసినది న్యాయమేనంటారా?

నిలువుగీత: అనలేదు. ఆ సెక్షను చట్టాల భాషకే గాని, తమ సెలవుచీటీకి కాదు.

సున్న: -5 నుండి 5 వరకు పదకొండు. నన్ను మరువకండి.

కోడు రాసేవాడు (జయపురం): పైథాన్ అనే కంప్యూటర్ భాషలో, వరుస సంఖ్యలనిచ్చే రేంజ్‌కు 20, 50 ఇస్తే 20 చేరుతుంది, 50 చేరదు, కనుక 5 గుణిజాలు ఆరు! రెండు చివరల తేడా ఎంతో సంఖ్యల లెక్కా అంతే అవుతుందని కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1982లో ఈ పద్ధతినే సమర్థించాడు.

కోతపడ్డ జీతం: ఎనిమిదో తరగతి పిల్లకు పైథాన్ ఎందుకండీ? 50ని 5తో భాగిస్తే 10, 19ని భాగిస్తే శేషం పోగా 3, తీసివేస్తే ఏడు. సూత్రమే చెబుతోంది.

నిలువుగీత: 19 ఎందుకు తీసుకొన్నారు? 20ని చేర్చుకోవాలని ముందే నిశ్చయించుకొన్నారు గనుక. సూత్రం చెప్పలేదు, తమరే దానిచేత చెప్పించారు.

వంశధార గట్టు: ఒక మాట దాచాను, మన్నించండి. ప్రశ్నపత్రం ఒడియాలో ఉంది. ‘20రు 50 మధ్యరే’ అని. తెలుగులోకి నేనే మార్చాను. లెక్కలు ఇంట్లో తెలుగులోనే చెబుతాను. ఇంట్లో తెలుగు మాట్లాడితే ఇంతేనని తరగతిలో అందరి ముందూ అన్నారట. నా బాధ మార్కు గురించి కాదు.

కోతపడ్డ జీతం: ‘రు’ అంటే నుండి. పది రోజుల లోపల అనడానికీ ‘దశ దిన మధ్యరే’ అంటారు. ఒడియాలో చదివితే ఏడు అనుకోవడం సహజమే. అయినా పిల్లను ఆ మాట అనడం తప్పు.

నిలువుగీత: సహజమే, కాని నిస్సందేహం కాదు. రెండు చివరలూ కావాలంటే ‘పర్యంత’ అని గాని, ‘సహా’ అని గాని వ్రాయవలసింది. పత్రంలో అటువంటి మాట ఏదైనా ఉందా?

వంశధార గట్టు: లేదు. అమ్మాయి మాత్రం జవాబు కింద, 20, 50 కూడా కలిపితే ఏడు అని వ్రాసింది. దాన్నీ కొట్టేశారు.