హబుల్ స్థిరాంకం 67 ఆ, 73 ఆ: లోపం కొలతలోనా, విశ్వ నమూనాలోనా?

ఖగోళప్రియ:

విశ్వం ఎంత వేగంగా విస్తరిస్తోందో చెప్పే హబుల్ స్థిరాంకానికి రెండు విలువలు వస్తున్నాయి, అవి ఒకదానితో ఒకటి పొసగడం లేదు. ప్లాంక్ ఉపగ్రహం నమోదు చేసిన, తొలి విశ్వం నుంచి మిగిలిన మైక్రోవేవ్ నేపథ్య వికిరణాన్ని తీసుకుని, నేటి ప్రామాణిక విశ్వ నమూనా సరైనదేనని ఒప్పుకుని లెక్క కడితే, మెగాపార్సెక్‌కు (సుమారు 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి) సెకనుకు 67.4 కిలోమీటర్లు వస్తుంది, అనిశ్చితి 0.5. సెఫీడ్ తారలతో (వెలుగు హెచ్చుతగ్గుల వ్యవధిని బట్టి అసలు ప్రకాశం తెలిసే తారలతో) దగ్గరి గెలాక్సీల దూరాలు కొలిచి, ఆ గెలాక్సీల్లో పేలిన ఒకటి-ఎ రకం సూపర్‌నోవాల (దాదాపు ఒకే ప్రకాశంతో పేలే తారల) ఆధారంగా దూర విశ్వానికి వెళ్లే పద్ధతిలో ఆడమ్ రీస్ బృందం 2022లో ఇచ్చిన విలువ 73.04, అనిశ్చితి 1.04. ఇది సుమారు 5 సిగ్మాల వైరుధ్యం, అంటే యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం అతి స్వల్పం కనుక కొత్త భౌతికశాస్త్రం తప్పదని చాలామంది అంటున్నారు. నేను ఆ మాట ఒప్పుకోలేను.

వెండీ ఫ్రీడ్‌మన్ బృందం 2024లో జేమ్స్ వెబ్ టెలిస్కోపుతో 10 దగ్గరి గెలాక్సీలను మూడు విధాలుగా కొలిచింది. సెఫీడ్‌లతో 72.05, ఎర్ర దిగ్గజ తారల గరిష్ఠ కాంతితో 69.85, కార్బన్ తారలతో 67.96 వచ్చాయి. టెలిస్కోపు ఒకటే, గెలాక్సీలు అవే, మారింది తార రకం మాత్రమే. దానితోనే జవాబు నాలుగు కిలోమీటర్లు కదిలిపోతే, సెఫీడ్ పద్ధతిలో మనకు తెలియని దోషమేదీ మిగిలి లేదని ఎలా నమ్మాలి?

వేగుచుక్క:

ఖగోళప్రియ గారూ, ఆ మూడు సంఖ్యలకూ ఉన్న అనిశ్చితులను మీరు రాయలేదు. వాటిని కలిపి చూస్తే ఆ మూడూ పరస్పరం విరుద్ధమైనవి కావు. అయినా సెఫీడ్‌లపై అనుమానం న్యాయమైనదే కాబట్టి, దాన్ని ఎలా పరీక్షించారో చెబుతాను.

అసలు భయం రద్దీ గురించి. దూర గెలాక్సీలో ఒక సెఫీడ్‌ను హబుల్ టెలిస్కోపు పరారుణ చిత్రంలో చూస్తే, అది విడి చుక్కగా కాక చుట్టూ ఉన్న ఎర్ర తారల వెలుగుతో కలిసిన మసక మచ్చలా ఉంటుంది. నేపథ్యపు వెలుగును లెక్కగట్టి తీసివేయాలి. ఆ తీసివేతలో తప్పు జరిగితే తార ఉన్నదానికన్నా ప్రకాశంగా, అంటే గెలాక్సీ ఉన్నదానికన్నా దగ్గరగా కనిపించి, హబుల్ స్థిరాంకం పెరిగిపోతుంది. ఇక్కడ గమనించవలసినదేమిటంటే, గెలాక్సీ దూరమయ్యేకొద్దీ రద్దీ ఎక్కువవుతుంది కనుక తప్పు కూడా దూరంతోపాటు పెరగాలి. వెబ్ అద్దం 6.5 మీటర్లు, హబుల్‌ది 2.4 మీటర్లు, హబుల్‌కు మచ్చగా కనిపించినదాన్ని వెబ్ విడివిడి తారలుగా చూపింది. రీస్ బృందం నీటి మేజర్ల (నీటి అణువుల నుంచి వచ్చే సహజ మైక్రోవేవ్ కిరణాల) ద్వారా జ్యామితీయంగా దూరం తెలిసిన ఎన్‌జీసీ 4258 మొదలుకొని 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎన్‌జీసీ 5468 వరకు వెయ్యికి పైగా సెఫీడ్‌లను రెండు టెలిస్కోపులతోనూ పోల్చింది. వెబ్ కొలతల్లో చెదురు (కొలతల మధ్య హెచ్చుతగ్గులు) బాగా తగ్గింది కాని సగటు మాత్రం కదలలేదు. దూరంతో పెరిగే తేడా కనబడలేదు. రద్దీయే ఈ వైరుధ్యానికి కారణమన్న వాదనను 8 సిగ్మాలకు మించిన నమ్మకంతో తోసిపుచ్చగలిగారు. ఇంత నేరుగా చేసిన పరీక్ష తర్వాత కూడా సెఫీడ్‌లనే తప్పుపట్టాలంటే, ఆ తప్పు ఏమిటో, ఏ దిశలో పనిచేస్తుందో చెప్పాలి.

నీహారిక:

పాత చరిత్ర ఒకటి గుర్తుచేయాలి. గత శతాబ్దపు ద్వితీయార్ధంలో ఖగోళశాస్త్రవేత్తలు అలన్ శాండేజ్ 50 దగ్గర, జెరార్డ్ ద వాకులర్ 100 దగ్గర నిలబడి దశాబ్దాలపాటు వాదించుకున్నారు. ఇద్దరి అనిశ్చితులూ చిన్నవే. 2001లో ఫ్రీడ్‌మన్ నేతృత్వంలోని హబుల్ కీలక ప్రాజెక్టు 72, అనిశ్చితి 8 అని తేల్చేసరికి ఇద్దరిదీ కాదని తెలిసింది. ప్రకటించిన దోషపరిధిని అంతిమంగా తీసుకోరాదని ఖగోళప్రియ గారు అనడానికి ఆధారం లేకపోలేదు.

ఖగోళప్రియ:

వేగుచుక్క గారూ, రద్దీ విషయంలో మీతో నాకు తగవు లేదు. నా అభ్యంతరం దూరాలు కొలిచే ఈ నిచ్చెనలో పై మెట్టు మీద, అంటే సూపర్‌నోవాల మీద ఉంది. సెఫీడ్ దూరం తెలిసిన గెలాక్సీల్లో మొత్తం 42 సూపర్‌నోవాలు మాత్రమే ఉన్నాయి. విశ్వమంతటికీ కొలబద్ద ఈ కొద్ది పేలుళ్ల మీద నిలిచి ఉంది.

వేగుచుక్క:

ఆ కొద్ది సంఖ్యే మీ మొదటి వాదనను బలహీనపరుస్తుంది. ఒక్కో సూపర్‌నోవా ప్రకాశాన్ని ఎంత సరిదిద్దినా సుమారు 0.14 మాగ్నిట్యూడ్ (తారల ప్రకాశాన్ని కొలిచే ప్రమాణం) చెదురు మిగులుతుంది; దూరంలో అది 6 నుంచి 7 శాతం. ఫ్రీడ్‌మన్ బృందపు 10 గెలాక్సీల్లో ఉన్నవి 11 సూపర్‌నోవాలు. 11 వర్గమూలంతో భాగిస్తే 2 శాతం, అంటే హబుల్ స్థిరాంకంలో దాదాపు 1.4 అనిశ్చితి కేవలం ఏ సూపర్‌నోవాలు దొరికాయన్న దాని వల్లనే వస్తుంది. 42 తీసుకుంటే అది 0.7కు తగ్గుతుంది. రీస్ బృందం రెండు బృందాల దూరాలను గెలాక్సీకి గెలాక్సీ పోల్చినప్పుడు దూరాలు బాగానే సరిపోయాయి. తక్కువ విలువ రావడానికి ప్రధాన కారణం ఆ చిన్న గుంపులోని సూపర్‌నోవాల ఎంపిక. వెబ్ దూరాలు ఉన్న సూపర్‌నోవాలన్నిటినీ కలిపితే రీస్ బృందానికి 72.6 వచ్చింది, అనిశ్చితి 2.0. ఈ వివాదంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే, ఎందుకంటే దూరాల్లో ఏకీభవించిన ఇద్దరు జవాబులో ఏకీభవించకపోతే తగవు తారల గురించి కాదు.

నీహారిక:

67 అంటున్న రెండో పక్షం కూడా ప్లాంక్ ఒక్కదాని మీదే ఆధారపడి లేదు. చిలీలోని అటకామా టెలిస్కోపు, దక్షిణ ధ్రువ టెలిస్కోపు నేల మీది నుంచి వేరే పరికరాలతో కొలిచి 66, 67ల మధ్యే విలువలిచ్చాయి. తొలి విశ్వంలో అదనపు శక్తిని కల్పించి తేడాను పూడ్చాలన్న సిద్ధాంతాలకు అటకామా కొలతల్లో ఆధారం దొరకలేదు. కొత్త భౌతికశాస్త్రం కావాలనడం తేలికే, ఉన్న కొలతలను చెడగొట్టకుండా దాన్ని రాసి చూపించడం కష్టం. మూడో దారిగా చెప్పుకొనే గురుత్వ తరంగాలు 2017లోని జంట న్యూట్రాన్ తారల విలీనంతో 70 ఇచ్చాయి, కాని అనిశ్చితి పైకి 12, కిందికి 8. అంత స్పష్టమైన జంట మళ్లీ దొరకలేదు.

ఖగోళప్రియ:

సూపర్‌నోవాల ఎంపిక గురించిన లెక్కను అంగీకరిస్తున్నాను; 10 గెలాక్సీలతో 73ను కొట్టివేయలేము. అయితే అదే లెక్క ప్రకారం ఆ 10 గెలాక్సీలు 73ను ధ్రువపరచనూ లేవు. వెబ్‌కు అందేంత దూరంలో ఉన్న మిగతా సూపర్‌నోవా గెలాక్సీలన్నిటిలోనూ ఎర్ర దిగ్గజాలను కొలవాలి. సెఫీడ్ లేకుండానే 72కు పైన నిలిస్తే నా వాదన వదులుకుంటాను. 70 దగ్గరికి దిగితే మాత్రం, వేగుచుక్క గారూ, సెఫీడ్‌ల 73ను నమ్మవచ్చన్న మాట మీరు వెనక్కి తీసుకోవాలి.

వేగుచుక్క:

అంగీకరిస్తున్నాను. ఒక్క షరతు, ఆ గెలాక్సీల జాబితా కొలతలకు ముందే నిర్ణయించి ఉండాలి.