కోవ్ రేవు సొరంగం దొంగ సరుకు కోసం తొలిచిందేనా?

ప్రశ్న (నడకదారి):
స్కాట్లాండ్ తూర్పు తీరంలో, కాక్‌బర్న్స్‌పాత్ ఊరికి దగ్గరలో ఉన్న కోవ్ అనే చిన్న చేపల రేవుకు గుట్టలో చేత్తో తొలిచిన ఒక సొరంగం గుండా వెళ్తారు. దీపాలు లేని ఆ దారిని చూపించి, అది పూర్వం సుంకం ఎగ్గొట్టి దొంగ సరుకు దాటించేవాళ్లు తవ్వుకున్నదని చాలామంది చెబుతుంటారు. పట్టుమని పాతిక గడపలు లేని పల్లెలో అంత పని గుట్టుగా ఎలా సాగిందో నాకు అంతుపట్టడం లేదు. దీన్ని ఎవరు, ఎందుకు తొలిపించారో తెలిసినవారు వివరించగలరా?

జవాబు (తీరరేఖ):
తొలిపించినవాడు ఆ భూముల యజమాని, డంగ్లాస్ జమీందారు సర్ జాన్ హాల్. 1750ల దశకంలో కూలీలు ఇసుకరాతిని సుమారు 60 గజాల పొడవున తొలిచారు. పైనుంచి దిగివచ్చే బాటకూ పడవలు ఆగే ఒంపుకూ మధ్య గుట్ట అడ్డంగా ఉండడంతో, పట్టిన చేపను ఒడ్డుకు చేర్చినా ఊళ్లోకి మోసుకుపోవడం గగనమయ్యేది. సొరంగం పక్కగా గదులు కూడా తొలిచి, మన కవళ్లకు దగ్గరి బంధువులైన హెర్రింగ్ చేపలను ఉప్పు పట్టించి నిల్వ చేయడానికి వాడుకున్నారు.

విచిత్రమేమిటంటే, దారి ముందు వచ్చింది, రేవు తర్వాత వచ్చింది. అలలకు అడ్డుగోడ కట్టబోతే తుపాను దాన్ని మింగేసింది. ఇప్పుడు కనిపిస్తున్న రాతి గోడల పని మొదలైంది 1831లో. అంటే మంచి రేవు కోసం సొరంగం సుమారు ముప్పాతిక శతాబ్దం ఎదురుచూసిందన్నమాట. ఈ సర్ జాన్ కొడుకే భూగర్భ శాస్త్రజ్ఞుడు జేమ్స్ హాల్. 1788లో ఆధునిక భూగర్భ శాస్త్రానికి పునాది వేసిన జేమ్స్ హట్టన్‌ను పడవలో, రాతి పొరలకు పేరొందిన దగ్గర్లోని సిక్కర్ పాయింట్‌కు తీసుకువెళ్లినవారిలో ఆయన ఉన్నారు.

జవాబు (పాతలెక్కలు):
తీరరేఖ గారు చెప్పినదానితో ఏకీభవిస్తాను. అయితే దొంగ సరుకు కథ ఉత్తదేనని కొట్టిపారేయలేము. ఆ కాలంలో బ్రిటన్‌లో తేయాకు మీద సుంకం ఎంత ఎక్కువంటే, 1784లో చట్టం చేసి 119 శాతం నుంచి 12.5 శాతానికి తగ్గించవలసి వచ్చింది. ఇదే తీరంలోని ఐమౌత్‌లో 1750లలోనే జాన్ నిస్బెట్ అనే వ్యాపారి కట్టించిన గన్స్‌గ్రీన్ భవనంలో, గోడ లోపల తేయాకు దాచే గొట్టం నేటికీ చూడవచ్చు. దాచదలచినవాడు అలా గోడలో దాస్తాడు. జమీందారు పట్టపగలు కూలీలను పెట్టి తొలిపించిన దారిలో దాచడు. సొరంగం గదుల్లో ఎప్పుడైనా నాలుగు పీపాల బ్రాందీ దిగి ఉంటే ఉండవచ్చు, కానీ దాని కోసమే తొలిచారనడం నాకు సమ్మతం కాదు.

జవాబు (వలతాడు):
ఆ సొరంగం గుండా పడవలకు నడిచినవాళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. 1881 అక్టోబరు 14న వచ్చిన తుపానులో ఈ తీరంలో 189 మంది మత్స్యకారులు చనిపోయారు. వారిలో 129 మంది ఐమౌత్ వారే కాబట్టి ఆ ఊరి పేరే అందరికీ గుర్తుంది. కోవ్ నుంచి పోయింది 11 మంది, కానీ ఆ పల్లెలో చేపలు పట్టే మగవాళ్లే 21 మంది. భర్తల కోసం, తండ్రుల కోసం సముద్రంలోకి చూస్తున్న ఆడవాళ్లూ పిల్లలూ ఉన్న కంచు శిల్పం అక్కడ ఉంది. నడకదారి గారూ, రేవు ప్రైవేటు ఆస్తి కనుక కారు పైనే వదిలి నడిచి దిగండి, చేతిలో టార్చి ఉంచుకోండి.