ఎండల్లో 100 కొడుతున్న ప్రాసెసర్: కూలర్ మార్చాలా, వాట్లకు పగ్గం వేయాలా?

పెళ్లిరీలు (ఖమ్మం)
పెళ్లి వీడియోల ఎడిటింగ్ నా పని. ప్రాసెసర్ ఇంటెల్ ఐ7-12700, దానితోపాటు డబ్బాలో వచ్చిన కూలరే, బీ660 మదర్‌బోర్డు, ముందువైపు అద్దం ఉన్న క్యాబినెట్. కొని మూడేళ్లు. చలికాలంలో రెండర్ (ఎడిట్ చేసిందంతా ఒక్క వీడియోగా తయారుచేయించడం) పెడితే ప్రాసెసర్ 90 డిగ్రీలు దాటేది కాదు. ఇప్పుడు మే నెల, ముహూర్తాల మీద ముహూర్తాలు. రెండర్ మొదలై నిమిషం కాకముందే 100కి వెళ్లి అక్కడే కూర్చుంటోంది. స్పీడు 4.5 గిగాహెర్ట్జ్ దగ్గర ఉండాల్సింది 3.6కి పడిపోతోంది. అరగంటలో అయ్యే హైలైట్స్‌కి 34 నిమిషాలు పడుతోంది. గదిలో ఏసీ లేదు, గోడ మీది థర్మామీటర్ 39 చూపిస్తోంది.
షాపులో అడిగితే "కూలర్, క్యాబినెట్ రెండూ మార్చెయ్యండి సార్, ఆరు వేలు" అన్నారు. మా బావమరిదేమో "బయాస్‌లో (బోర్డు సెట్టింగుల్లో) వాట్లు తగ్గించు బావా, పైసా ఖర్చుండదు" అంటాడు. ఎవరి మాట వినాలి?

వాట్లలెక్క
మీ బావమరిదిదే రైటు. 12700 మీద 65 వాట్లని రాసుంటుంది గానీ అది బేస్ స్పీడు లెక్క. టర్బోలో, అంటే పని ఎక్కువై స్పీడు పెంచుకున్నప్పుడు, 180 వాట్ల దాకా లాగొచ్చు. చాలా బోర్డులు ఆ టర్బోని కాసేపటికి ఆపకుండా ఎంతసేపైనా వదిలేస్తాయి. కొన్నింట్లో లిమిట్ దగ్గర ఏకంగా 4096 అని ఉంటుంది, అంటే లిమిట్ లేనట్టే. ఆ గుండ్రటి చిన్న కూలర్ 39 డిగ్రీల గదిలో 180 వాట్ల వేడిని ఎక్కడికి పంపిస్తుంది?
ఇంకో సంగతి. చివరి మూడు నాలుగు వందల మెగాహెర్ట్జ్ కోసం వోల్టేజీ బాగా ఎక్కించాలి. వోల్టేజీ కొంచెం పెరిగినా కరెంటు ఖర్చు దాని వర్గంతో పెరుగుతుంది. అందుకే వాట్లు మూడో వంతు తగ్గించినా స్పీడు మూడో వంతు తగ్గదు, పదో వంతు తగ్గితే గొప్ప. బయాస్‌లో పీఎల్1 (ఎంతసేపైనా లాగే వాట్ల లిమిట్), పీఎల్2 (కాసేపటి టర్బో లిమిట్) రెండూ 110 పెట్టి హాయిగా పని చేసుకోండి.

గుంటూరు_ఘాటు
నేనొప్పుకోను. బిర్యానీకి డబ్బు కట్టించుకుని పెరుగన్నం పెట్టినట్టుంది మీ సలహా. లిమిట్ వేసుకునే మాటైతే ఐ7 ఎందుకు, ఐ5 కొనుక్కుంటే సరిపోయేదిగా? నాలుగు హీట్‌పైపుల (వేడిని లాగే గొట్టాల) టవర్ కూలర్ రెండు వేల చిల్లరకి దొరుకుతోంది. అదొకటి బిగించు తమ్ముడూ. క్యాబినెట్ సంగతి తర్వాత చూసుకుందాం.

డాలస్_తెలుగోడు
ఇద్దరూ అనవసరంగా భయపెడుతున్నారు. ఆ చిప్‌కి ఇంటెల్ పెట్టిన గరిష్ఠ హద్దే 100. అక్కడికి చేరాక అదే స్పీడు తగ్గించుకుంటుంది, కాలిపోదు. ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎండీ కూడా 2022లో రైజెన్ 7000 ప్రాసెసర్లు తెచ్చినప్పుడు, పూర్తి లోడులో 95 దగ్గర నడిచేలాగే తయారు చేశామని చెప్పింది. అంకె చూసి కంగారు పడే రోజులు పోయాయి.

గుంటూరు_ఘాటు
అన్నా, మీ గదిలో ఏడాదంతా 23. నాదాంట్లో రాత్రి పదింటికి 36. మీరు చూసే రివ్యూలన్నీ ఏసీ గదుల్లో తీసినవి. గది పదిహేను డిగ్రీలు వేడెక్కితే అదే వాట్లకి చిప్ కూడా ఇంచుమించు అంతే వేడెక్కుతుంది. పైగా ఇక్కడ 100కి చేరి ఊరుకోవట్లేదు, పని ఆలస్యమవుతోందని ఆయన మొత్తుకుంటున్నాడు. పక్కనే ఉన్న వీఆర్ఎం (ప్రాసెసర్‌కి కరెంటు సరిచేసి ఇచ్చే భాగం), ఎం.2 ఎస్‌ఎస్‌డీ కూడా ఆ వేడిలోనే ఉడుకుతాయి.

బల్లఫ్యాన్
2014 నుంచి నా క్యాబినెట్‌కి పక్క తలుపు లేదు. ఎదురుగా టేబుల్ ఫ్యాన్. రెండు ప్రాసెసర్లు మారాయి గానీ ఫ్యాన్ మారలేదు. ఖర్చు సున్నా. ఇంక మీరు కొట్టుకోండి.

పాతసామాన్లు (హనుమకొండ, రిపేర్ షాపు)
ఫ్యాన్ బాబాయికి దండం. కాకపోతే తలుపు తీసిపెట్టిన మిషన్లలో నేను తీసిన బల్లుల లెక్క చెబితే మీరు అన్నం తినరు. ఒకసారి ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే పెట్టె) లోపల ఒకటి చిక్కుకుని షార్ట్ అయింది.
మా దగ్గరికొచ్చి "సీపీయూ వేడెక్కుతోంది" అంటే సగం మందికి సీపీయూ అంటే డబ్బా మొత్తం. కాబట్టి ముందు ఏది వేడెక్కుతోందో చూస్తాం. నిజంగా ప్రాసెసరే అయితే నూటికి నూరు కాకపోయినా చాలాసార్లు కారణం ఈ మూడింట్లోనే ఉంటుంది: కూలర్ రెక్కల మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకోవడం, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే పేస్టు ఎండిపోవడం, కూలర్‌ని బోర్డుకి పట్టి ఉంచే నాలుగు పిన్నుల్లో ఒకటి లేచిపోవడం. కొత్త కూలర్‌కి అడుగున అంటించిన ప్లాస్టిక్ పొర తీయకుండానే బిగించినవి కూడా వచ్చాయి.
పెళ్లిరీలు గారూ, డబ్బు పెట్టే ముందు ఒక పరీక్ష. పక్క తలుపు తీసి అదే రెండర్ పెట్టండి. పది డిగ్రీలు తగ్గితే తప్పు క్యాబినెట్‌ది, ముందు అద్దం గాలిని ఆపుతోందన్నమాట. రెండు మూడే తగ్గితే తప్పు కూలర్ దగ్గర.

వాట్లలెక్క
అన్నా, పరీక్ష మంచిదే కానీ ఈ కేసులో అది అబద్ధం చెబుతుంది. ఆయన చిప్ ఇప్పటికే 100కి అతుక్కుని ఉంది. తలుపు తీస్తే చల్లదనం పెరుగుతుంది, చిప్ ఆ సందు చూసుకుని ఇంకో పది వాట్లు లాగుతుంది, మళ్లీ 100 దగ్గరే నిలబడుతుంది. మీరు "ఏమీ తగ్గలేదు, క్యాబినెట్ బాగానే ఉంది" అనుకుంటారు. హద్దు తాకాక టెంపరేచర్ చూసి లాభం లేదు, వాట్లు చూడాలి. లేదంటే ముందు 80 వాట్లకి కట్టేసి, అప్పుడు తలుపు తీసి, వేసి పోల్చాలి. గది టెంపరేచర్ కూడా పక్కన రాసుకోవాలి. ఈ మూడు అంకెలూ లేకుండా "నాది 100, నీది 85" అనుకోవడం దండగ.

పాతసామాన్లు
ఇది ఒప్పుకుంటా. మా షాపులో రోజూ చేసేదే, ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు.

సందేహాల్రావు
మధ్యలో దూరుతున్నా, మన్నించండి. నాదీ ఇదే సమస్యే. గేమ్ మధ్యలో టప్పున ఆగిపోతోంది. టెంపరేచర్ 78 చూపిస్తోంది. పేస్టు రెండుసార్లు మార్చాను.

పాతసామాన్లు
ఈమధ్య వచ్చిన ఏ ప్రాసెసరూ 78కి వేడి వల్ల ఆగదు. పేస్టుకి డబ్బులు దండగ. మీకు యూపీఎస్ ఉందా? 600 వీఏ అని రాసుంటే అది నిజంగా మోసేది మామూలుగా 360 వాట్లే, అదీ బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు. గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ కలిస్తే దాటేస్తుంది. ఒకరోజు నేరుగా గోడ ప్లగ్గులో పెట్టి ఆడి చూడండి. అప్పుడూ ఆగితే ఎస్‌ఎంపీఎస్ చూడాలి.

పెళ్లిరీలు
హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో (టెంపరేచర్, వాట్లు చూపించే ప్రోగ్రాం) పెట్టి రాసుకున్నాను. గది 39.
లిమిట్ లేకుండా: 100 డిగ్రీలు, 95 వాట్లు.
80 వాట్లకి కట్టేసి తలుపు వేస్తే: 90. తలుపు తీస్తే: 88.

వాట్లలెక్క
80 వాట్లకే గది కన్నా 51 డిగ్రీలు పైకా? అది డబ్బా కూలరే అయినా చాలా ఎక్కువ. పైగా 180 లాగాల్సింది 95కే ఊపిరాడట్లేదు. క్యాబినెట్ నిర్దోషి. కూలర్ సరిగ్గా ఆనడం లేదు. ఈమధ్య మిషన్ ఎక్కడికైనా కదిలించారా?

పెళ్లిరీలు
మార్చిలో హైదరాబాద్ నుంచి ఇల్లు మారాం. బస్సు డిక్కీలో వేసుకొచ్చాను. పడుకోబెట్టే తెచ్చాను, దుప్పటి కూడా చుట్టాను.

పాతసామాన్లు
దొరికింది దొంగ. బోర్డు వెనకవైపు నుంచి చూడండి. నాలుగు రంధ్రాల్లోంచీ పిన్ను కాళ్లు పూర్తిగా బయటికొచ్చి విచ్చుకుని ఉండాలి. ఒకటి లోపలే ఉండిపోయి ఉంటుంది. విప్పేటప్పుడు పిన్ను తల మీది బాణం వైపు తిప్పి పైకి లాగండి. మళ్లీ పెట్టేముందు తలని వెనక్కి తిప్పడం మర్చిపోవద్దు, చాలామంది అక్కడే దెబ్బతింటారు. బిగించడం మూలమూలగా, ఎదురెదురు జతల్లో. "టక్" అని నాలుగుసార్లు వినపడాలి.
పనిలో పనిగా పేస్టు కూడా. పాతది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. కొత్తది బఠానీ గింజ కన్నా కొంచెం ఎక్కువ, మీ చిప్ పొడుగ్గా ఉంటుంది కాబట్టి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి, గిర్రున తిరగనివ్వకండి.
ఇంకెవరైనా రైజెన్ ఏఎం4 (ప్రాసెసర్ అడుగునే పిన్నులుండే రకం) వాళ్లు ఇది చదువుతుంటే: మీరు మాత్రం కూలర్‌ని నిలువుగా లాగొద్దు. పేస్టు గట్టిపడితే ప్రాసెసర్ కూడా దానితోపాటే ఊడొచ్చి పిన్నులు వంగుతాయి. కాసేపు మిషన్ నడిపి, వేడిగా ఉన్నప్పుడు ఆపి, అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయాలి.

పెళ్లిరీలు
ఇందాకే అయింది. కింద కుడివైపు పిన్ను లేచిపోయి ఉంది, గోరు దూరేంత సందు. కూలర్ తీస్తే ఒకవైపు పేస్టు అద్దంలా పల్చగా ఉంది, ఆ పిన్ను ఉన్న మూల మాత్రం అప్పడమంత మందాన గట్టిపడిపోయింది. మళ్లీ బిగించడానికి మూడుసార్లు పట్టింది. నాలుగో "టక్" విన్నప్పుడు బోర్డు విరిగిందనుకున్నాను.
కొత్త లెక్క, గది 39 లోనే:
80 వాట్లు: 75 డిగ్రీలు.
లిమిట్ తీసేస్తే: 100, కానీ ఈసారి 135 వాట్లు. రెండర్ 30 నిమిషాలు.
110 వాట్లు: 88. రెండర్ 32 నిమిషాలు.

వాట్లలెక్క
చూశారా? రెండు నిమిషాల తేడాకి 12 డిగ్రీలు, 25 వాట్లు. 110 పెట్టి మర్చిపోండి.

గుంటూరు_ఘాటు
నేను చూసింది వేరు. పిన్ను బిగించాక కూడా ఆ కూలర్ 135 దగ్గరే చేతులెత్తేసింది. చిప్‌కి 180 దాకా హక్కుంది. టవర్ పెడితే ఇదే గదిలో 150 వాట్లకి 85 లోపు ఉంటుంది, ఫ్యాన్ గోల కూడా సగం. పెళ్లిళ్ల సీజన్‌లో రోజుకి ఎన్ని రెండర్లు తమ్ముడూ?

పెళ్లిరీలు
రెండు. మహా అయితే మూడు.

వాట్లలెక్క
ఆరు నిమిషాలు. టీ తాగొచ్చేలోపు అయిపోతుంది.

గుంటూరు_ఘాటు
ఎడిటింగ్ చేస్తున్నంతసేపూ ఆ చిన్న ఫ్యాన్ పూర్తి స్పీడులో ఈల వేస్తుంటే వినేది ఆయన, మీరు కాదు. పక్కన సన్నాయి ట్రాకు సరిచేస్తూ కూర్చుని చూడండి, అప్పుడు తెలుస్తుంది రెండు వేల విలువ.

వాట్లలెక్క
ఈ గోల పాయింటు మాత్రం ఒప్పుకుంటా. చప్పుడు కోసం కొనమంటే కొనండి. వేడి కోసమని మాత్రం నేను చెప్పను.

డాలస్_తెలుగోడు
నేను మొదట 100 అయినా పర్లేదన్నాను. చిప్‌కి పర్లేదన్న మాట ఇప్పటికీ నిజమే. కానీ నా మాట విని ఊరుకుని ఉంటే ఆ పిన్ను అలాగే ఉండిపోయేది. ఆ మేరకు తప్పు నాదే.

పెళ్లిరీలు
అందరికీ థ్యాంక్స్. ప్రస్తుతానికి 110 పెట్టాను. కూలర్ కొందామని ఇంట్లో చెబితే మా ఆవిడ "మంచిది, ఎప్పట్నించో అడుగుతున్నా" అంది. ఆవిడ అనుకున్నది గదికి పెట్టే కూలర్! ఏడు వేలది, నీళ్ల ట్యాంకుతో. నిన్న వచ్చింది. గది 39 నుంచి 33కి దిగింది. అదే 110 వాట్లకి ప్రాసెసర్ ఇప్పుడు 82.

బల్లఫ్యాన్
హ హ. కూలర్ మార్చమంటే ఇంత పెద్దది కొంటారా!

సందేహాల్రావు
తేమకి మిషన్‌లో చెమ్మ పట్టదా మరి?

వాట్లలెక్క
గది కన్నా వేడిగా ఉన్న వస్తువు మీద చెమ్మ పట్టదు. నడుస్తున్న మిషన్‌లో అన్నీ గది కన్నా వేడివే. భయం చెమ్మతో కాదు, తుంపరతో. కూలర్ గాలితోపాటు వచ్చే సన్నటి నీటి చుక్కలు బోరు నీళ్లవైతే ఎండిపోయాక తెల్లటి ఉప్పు మిగులుతుంది. క్యాబినెట్‌కి ఎదురుగా పెట్టకండి.

పాతసామాన్లు
కిటికీ బయట పెట్టండి, గాలి మీ మంచం వైపు రానివ్వండి. ఎదురుగా ఇంకో కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి, లేకపోతే గది పొద్దుటికి ఇడ్లీ పాత్రే. ఆ తర్వాత తడి తగిలిన దుమ్ము రెక్కలకి అంటుకుపోతుంది కాబట్టి ఈ సీజన్‌లో నెలకోసారి బ్లోయర్ కొట్టండి. క్యాబినెట్ పక్క తలుపు వేసేశారుగా?

పెళ్లిరీలు
వేశాను సార్. బల్లి సంగతి చదివిన రోజే.

సందేహాల్రావు
గోడ ప్లగ్గులో పెట్టి నాలుగు గంటలు ఆడాను. ఒక్కసారీ ఆగలేదు. ఆ పేస్టు ట్యూబు ఇంకా సగం మిగిలింది, ఎవరికైనా కావాలా?