5,500 డాలర్ల తేడా: క్యామ్రీయా, మాలిబునా?

ఉండేది డాలస్‌లో. యూజ్డ్ కారు కోసం వెతికి వెతికి రెండింటి దగ్గర ఆగిపోయాను. 2021 టొయోటా క్యామ్రీ ఎల్‌ఈ: 62,000 మైళ్లు తిరిగింది, 20,500 డాలర్లు. 2021 షెవర్లే మాలిబు ఎల్‌టీ: 48,000 మైళ్లు, 15,000 డాలర్లు. నాకు ఏడాదికి 15,000 మైళ్లు పడతాయి, ఎక్కువగా హైవే. కనీసం ఆరేళ్లు ఉంచుకోవాలి.

తెలిసిన మెకానిక్ రెండింటినీ లిఫ్ట్ మీద పెట్టి చూశాడు. లీకులు లేవు, స్కానర్‌లో లోపాలు చూపే కోడ్‌లు లేవు. ఇన్సూరెన్స్ దాదాపు సమానం. అమెరికా ప్రభుత్వ సంస్థ ఈపీఏ లెక్కలో మైలేజీ రెండింటికీ గ్యాలన్‌కు సగటున 32 మైళ్లు. వీటిలో దేనితోనూ తేలలేదు.

అసలు టెన్షన్ ఇంజిన్, గేర్‌బాక్సుల గురించే. క్యామ్రీది టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరం) లేని 2.5 లీటర్ల ఇంజిన్, 8 గేర్ల ఆటోమేటిక్. మాలిబుది 1.5 లీటర్ల టర్బో, సీవీటీ (విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్). జూలై ఎండలో ఏసీ ఫుల్లుగా పెట్టి రోజూ హైవే ఎక్కితే చిన్న టర్బో ఎన్నాళ్లు తట్టుకుంటుంది? అలాగని "జపాన్ కారు గట్టిది" అన్న ఒక్క మాట మీద 5,500 డాలర్లు పెట్టబుద్ధి కావడం లేదు. సీవీటీలు జపాన్ కంపెనీలూ వాడతాయి. ఆ మాటకొస్తే ఈ క్యామ్రీ విన్ నంబరు (కారు గుర్తింపు సంఖ్య) 4తో మొదలవుతుంది, అంటే ఇదీ అమెరికాలో తయారైందే. మాలిబు తయారీ 2024లో ఆగిపోయింది కాబట్టి రీసేల్ తక్కువే వస్తుందని లెక్క వేసుకున్నాను.

2019 లేదా ఆ తర్వాతి 1.5 టర్బో మాలిబుని లక్ష మైళ్లు దాటించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: ఇంజిన్, సీవీటీ రిపేర్లకు మీకు మొత్తం ఎంతయింది?